ఆదివారం ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే

అమ్మా,

ఆదివారం నేను ఫోన్ ఎత్తలేదని నువ్వు రెండు రోజులు ముభావంగా ఉన్నావట, చెల్లి మెసేజ్ పెట్టింది. ఆఫీసు పని ఉందని చెప్పాను కదా, అది అబద్ధం. ఆ రోజు పనీ లేదు, పాడూ లేదు. ఏడుపు గొంతుతో మాట్లాడితే నువ్వు ఇంకేదో ఊహించుకుంటావని ఎత్తలేదు. అసలు సంగతి చెబితే నవ్వుతావు. నేను రంగులు వేస్తున్న చిటికెన వేలంత సిపాయి బొమ్మ ఒకటి పాడైంది. అంతే.

ఫోన్‌లో చెప్పబోతే నాన్న మధ్యలో అందుకుంటారు, నువ్వు "కళ్ళు జాగ్రత్త" అంటావు, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. నాన్నకు నువ్వే చదివి వినిపించు. ఆయన కళ్ళద్దాలు వెతుక్కునేసరికి వారం గడుస్తుంది.

ఆఫీసు మామూలే. కొత్త మేనేజర్ వచ్చాడు, పాతాయన కంటే నయం. ఒంట్లో బాగానే ఉంది. ఆ సంగతి వదిలెయ్.

పోయిన నెల చెల్లికి ఫోటో పంపాను చూడు, ఆకుపచ్చ కోటు, భుజం మీంచి వేలాడుతున్న ఎర్ర కోటు, అతనే. ఫ్రెంచ్ చక్రవర్తి నెపోలియన్ సొంత రక్షక దళాన్ని గార్డు అంటారు, అందులో షాసర్లని గుర్రపు దళం ఉండేది. ఆ దళంలో ఒక అధికారి. 54 మిల్లీమీటర్ల బొమ్మ. ఒంటికి పట్టేసిన ఆకుపచ్చ కోటును డాల్మన్ అంటారు, భుజానికి తగిలించుకున్నది పెలీస్. రొమ్ముకు అడ్డంగా జరీ వరుసలు, నా బొమ్మ మీద లెక్కపెడితే 18. మామూలు రౌతులకు అవే వరుసలు నారింజ కలిసిన పసుపు రంగులో ఉండేవి. బంగారు జరీ అధికారులకే.

నెలన్నర పట్టింది. శనివారం అర్ధరాత్రి దాటాక పూర్తయింది. చివరగా రంగు చెదరకుండా వార్నిష్ కొట్టాలి. మెరుపు లేని రకం, మ్యాట్ అంటారు. బొమ్మ మొత్తానికీ కొట్టేశాను. పొద్దున లేచి చూస్తే ముఖం బాగుంది, కోటు బాగుంది, జరీ మాత్రం చచ్చిపోయింది. బంగారం కాస్తా ఎండిన మట్టి రంగు అయిపోయింది. ఈ లోహపు రంగుల్లో మెరిసేది రంగు కాదమ్మా, అందులో కలిపిన సన్నటి రేకులు. ఒక్కో రేకూ చిన్న అద్దంలా వెలుగును తిప్పికొడుతుంది. మ్యాట్ వార్నిష్ చేసే పని వెలుగును చెదరగొట్టడమే. అద్దం మీద పిడికెడు దుమ్ము చల్లినట్టు. ముందు వార్నిష్ కొట్టి, లోహపు రంగులు ఆ తర్వాత వేయాలి. ఇది నాకు తెలియక కాదు. నిద్రమత్తు, తొందర.

ఇక నీ టెన్షన్ల సంగతి. కళ్ళు పాడవుతాయంటావు. తలకు తగిలించుకునే భూతద్దం కొన్నాను, పగటి వెలుతురులాంటి దీపం ఉంది, అరగంటకోసారి లేచి కిటికీలోంచి దూరంగా చూస్తాను. సీసం బొమ్మలని చెల్లి నీకేదో నూరిపోసింది. పాతవి సీసంతోనే పోసేవాళ్ళు, నిజమే. నాది రెసిన్ బొమ్మ, అంటే ఒకరకం ప్లాస్టిక్. దాన్ని అరగదీసినప్పుడు దుమ్ము లేస్తుందని నీళ్ళలో తడిపి, మాస్క్ పెట్టుకుని అరగదీస్తాను. సూదిలోకి ఎక్కించే ముందు నువ్వు దారం కొస నోట్లో తడుపుతావు కదా, ఈ పని చేసేవాళ్ళు చాలామంది కుంచె మొనను అలాగే పెదవులతో సూదిగా చేసుకుంటారు. నేను చేయను. ఒట్టు.

అన్నట్టు నీ చీర గుర్తొచ్చింది. అదే, అంచు తెల్లబడిందని నువ్వు కట్టడం మానేసింది. ఈ సిపాయిల కోట్ల జరీ కూడా అదే వంశం. పట్టు దారానికి సన్నగా సాగదీసిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత. కొత్తలో ధగధగ, అరిగాక తెల్లన, గాలి తగిలి తగిలి నలుపు. ఇది తెలిశాక నాకో సంగతి అర్థమైంది. జరీ అంటే గీత కాదు, నేత. మొదట్లో నేను ఒక్క లాగుడుకు పొడుగ్గా బంగారు గీత గీసేదాన్ని. బొమ్మ మీద రాగి తీగ అతికించినట్టు ఉండేది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. ముందు ముదురు గోధుమ రంగుతో జరీ కంటే కాస్త వెడల్పుగా గీత. దాని మీద మట్టి పసుపు, అంచుల్లో గోధుమ రంగు వెంట్రుకవాసి మిగిలేలా. ఆ మిగిలిన చీకటి గీతే జరీని కోటు నుంచి విడదీసి చూపిస్తుంది. ఆ పైన బంగారు రంగు, అదీ గీతగా కాదు, కుంచె మొనతో ఏటవాలుగా చిన్న చిన్న పోట్లు, పక్కపక్కనే. భుజం దగ్గర, రొమ్ము ఎత్తు మీద, వెలుగు పడేచోట బంగారంలో కొద్దిగా వెండి కలిపి ఇంకో వరస. నీడల్లో నలుపు వేయకూడదు, బంగారం ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. పలుచటి గోధుమ రంగు చాలు. వేసే ముందు కుంచెను కాగితం మీద తుడుస్తూ పోవాలి, ఇంక రంగు లేదేమో అనిపించేదాకా. అప్పటికి సరిగ్గా కావలసినంత ఉంటుంది. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, ఊపిరి బిగపట్టి, ఒక్క పోటు. వదలడం. మళ్ళీ.

లోహపు రంగులకు నీళ్ళ గ్లాసు వేరుగా పెట్టుకోవాలని మొదట్లో నాకెవరూ చెప్పలేదు. ఆ రేకులు నీళ్ళలో తేలుతూ అన్ని రంగుల్లోకీ ఎక్కుతాయి. నా మొదటి సిపాయి బుగ్గలు ఇప్పటికీ మెరుస్తూనే ఉన్నాయి. యుద్ధానికి కాదు, నాటకానికి వెళ్తున్నట్టుంటాడు.

నాన్న అడిగిన దానికి జవాబు. ఎవరికి బంగారం, ఎవరికి వెండి అని ఎలా తెలుస్తుందన్నారు కదా. బొత్తాం చూడాలి నాన్నా. బొత్తాం పసుపైతే జరీ బంగారం, తెల్లదైతే వెండి, చాలావరకు ఇంతే. ఇంగ్లీషు సైన్యంలో కూడా వాటర్లూ యుద్ధం రోజుల్లో కొన్ని రెజిమెంట్ల అధికారులకు బంగారం, కొన్నింటికి వెండి. 1830లో నాలుగో విలియం రాజు దాన్ని మార్చాడు. రెగ్యులర్ దళాలకు బంగారం, మిలీషియాకు, అంటే అవసరమైనప్పుడు పిలిచే దళాలకు, వెండి అన్నాడు. కాబట్టి ఏ ఏడాది బొమ్మో చూసుకోకుండా సీసా మూత తీయకూడదు. మీరు "ర్యాంకు తప్పు వేస్తే సెల్యూట్ ఎవడికి కొడతాడు" అని నవ్వుతారని తెలుసు. కావాలంటే నవ్వుకోండి.

అసలు బంగారు రంగే లేకుండా బంగారం చూపించేవాళ్ళూ ఉన్నారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో జెరికో అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన పెద్ద చిత్రం చూశాను, గుర్రం మీద వెనక్కి తిరిగిన ఇదే షాసర్ అధికారి. 1812లో వేశాడు, అప్పటికి అతనికి 21 ఏళ్ళు. దూరం నుంచి జరీ తళతళలాడుతోంది. దగ్గరికెళ్తే పసుపు, గోధుమ, కాస్త లేత రంగు, అంతే. బొమ్మల వాళ్ళలోనూ అలా చేసేవాళ్ళున్నారు. గొప్ప పనే, కానీ బొమ్మను చేతిలో తిప్పితే వెలుగు కదలదు. నాకు కదలాలి. చేతిలో తిప్పి చూడకపోతే బొమ్మ ఎందుకు?

ఒంటరిగా కూర్చుని పిచ్చిదాన్ని అవుతానని నీ భయం. లేదమ్మా. పై అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు, ఆయన ఇదే పని 40 ఏళ్ళుగా చేస్తున్నారు. బుధవారాలు ఆయన వంటగది బల్ల మీదే కూర్చుంటాం. పెద్దగా మాట్లాడుకోం. చలికాలం ఇక్కడ నాలుగింటికే చీకటి. ఆ చీకట్లో నాకు ఇంకో మనిషి పక్కన కుంచె కడుగుతున్న చప్పుడు చాలు. అవును, ఒక్కోసారి బెంగగానే ఉంటుంది. అది బొమ్మల వల్ల కాదు.

పాడైన బొమ్మను ఆయనకే చూపించాను. రంగు మొత్తం ఊడదీద్దామనుకున్నాను, వద్దన్నారు. ఆల్కహాల్‌తో చేసిన బంగారు రంగు సీసా ఒకటి ఇచ్చారు. దానికి నీటి చుక్క తగిలితే పనికిరాదు, కుంచె కూడా ఆల్కహాల్లోనే కడగాలి. కిటికీ తెరిచి, రెండు రాత్రులు, జరీ ఎత్తుల మీద మాత్రమే పోట్లు వేశాను. కింద చచ్చిపోయిన బంగారాన్ని అలాగే వదిలేశాను. ఇప్పుడు దీపం కింద తిప్పితే ఎత్తులు మెరుస్తున్నాయి, సందుల్లో మసక. అది చూడగానే నాన్న బెల్టు బకిల్ గుర్తొచ్చింది. పాత బనీను గుడ్డ, పాలిష్ డబ్బా, అరుగు. ఎంత రుద్దినా అక్షరాల సందుల్లో నలుపు మాత్రం వదిలేసేవారు, అది పోతే అక్షరం కనబడదనేవారు. నేను పక్కన కూర్చుని నా ముఖం అందులో వెతుక్కునేదాన్ని.

చెల్లి పరీక్షల సంగతి రాయమను. నేను ఈ ఆదివారం తప్పకుండా ఫోన్ చేస్తాను, నువ్వే ఎత్తు.

నీ పెద్దమ్మాయి

తా.క.: ఆ బకిల్ బీరువాలోనే ఉంటుంది. కిటికీ దగ్గర పెట్టి రెండు ఫోటోలు తీయించు, ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. అరిగిన ఇత్తడి నాకు కావాలి. ఫోటో అనగానే నాన్న గుడ్డ తీస్తారు. తుడవనివ్వకు.