గుల్మార్గ్ మంచువాలు మీద నన్ను ఆదుకున్న మీకు

అఫర్వత్ శిఖరం వాలు మీద పొగమంచు కమ్మి నేలా ఆకాశమూ ఒకే తెలుపుగా కలిసిపోయినప్పుడు, ఆగి నిలబడ్డా ఇంకా జారిపోతున్నట్టే అనిపించి, కళ్లు తిరిగి కూలబడిన నా దగ్గరికి మీరు వచ్చారు. మీ పేరు అడిగే స్థితిలో కూడా నేను లేను. మీ స్కీ కర్రలు రెండూ నా ఎదుట మంచులో గుచ్చి, వాటి ఎర్రని పిడుల మీదే చూపు నిలపమన్నారు. కాసేపటికి తల తిరగడం తగ్గింది. లోపలి చెవి కదలికను పసిగడుతున్నా, ఆనవాలేదీ కనపడక కళ్లు దాన్ని నిర్ధారించలేకపోతే ఇలా జరుగుతుందని తర్వాత వైద్యులు వివరించారు. దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదంటూ, చేయి పట్టి గోండోలా (రోప్‌వే) దాకా నడిపించి, కిందికి దింపి, తలనొప్పీ వాంతులూ లేవని రూఢి చేసుకున్నాకే మీరు వెళ్లారు. మీ పని మానుకుని చేసిన ఆ సాయానికి, హైదరాబాద్‌లోని మా కుటుంబమంతా మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.