కాసిల్‌మైన్‌లో దిక్సూచి ఇచ్చినవారికి కృతజ్ఞతలు

పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు, అందుకే ఇక్కడ చెబుతున్నాం: మీకు మా బృందం తరఫున ధన్యవాదాలండీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, కాసిల్‌మైన్ ఊరున్న బంగారు గనుల ప్రాంతానికి ఓరియంటీరింగ్ పోటీకి (పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తులు వెతుక్కుంటూ పరుగెత్తే ఆటకి) వెళ్లే తెలుగువాళ్లందరికీ మీ మాటలు పనికొస్తాయి.

ఉత్తరార్ధగోళానికి తూకం వేసి చేసిన దిక్సూచి అక్కడ మొరాయిస్తుంది. ముల్లు దక్షిణపు కొస కిందికి వాలి, అడుగుకి రాసుకుని ఇరుక్కుంటుంది. మీరిచ్చిన దక్షిణార్ధగోళపు దిక్సూచితో ఆ బెడద తప్పింది. దాన్ని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అప్పగించాం. పటంలో గీతలు అయస్కాంత ఉత్తరానికే ఉంటాయి కాబట్టి అక్కడ అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ ఉన్న 11 డిగ్రీల తూర్పు తేడాని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అసలు చిక్కంతా నేలతోనే. 1851 నుంచి తవ్విపోసిన అడవి అది, అడుగడుగునా గుంతలూ మట్టి దిబ్బలూ. ఒక్కో గుంతనీ పటంలో వెతికితే దారి తప్పడం ఖాయం. గట్టూ వాగూ పట్టుకుని వెతికే గుర్తు దగ్గరిదాకా పరుగెత్తి, చివరి 50 మీటర్లలోనే వేగం తగ్గించి గుంతలు చూడమన్నారు. బంగారం కడగడానికి తవ్విన పాత నీటి కాలవలు దాదాపు ఒకే ఎత్తులో సాగుతాయి, వాటి వెంట పోతే ఎక్కీ దిగీ అలసిపోయే పని లేదన్న మాట బంగారమే! లోతైన గనిగుంత అంచు మట్టి వదులుగా ఉంటుంది, తొంగిచూడకూడదు.

బూట్ల సంగతీ మీరన్నదే నిజం: అడుగున మేకుల మధ్య ఎండిన మట్టిని ఇంటి దగ్గరే బ్రష్‌తో కడిగి బూట్లు ఆరబెట్టాలి, ఆస్ట్రేలియాలో దిగాక విమానాశ్రయంలో వాటిని డిక్లేర్ చేయాలి, అంటే ఉన్నాయని అధికారులకి చెప్పాలి.