కాగితం పూలకు రోజూ నీళ్ళెందుకు?

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు మధ్య డివైడర్లలో పెంచే కాగితం పూల మొక్కలకు చాలా ఊళ్ళలో ఎండైనా వానైనా ఒకే లెక్కన ట్యాంకర్‌తో నీళ్ళు పోస్తున్నారు. ఇళ్ళ దగ్గర కుండీలకూ అదే అలవాటు, పొద్దున లేవగానే ఒక చెంబు. మొక్క ఏపుగా పెరుగుతుంది, పువ్వు మాత్రం కనబడదు. అప్పుడు ఎరువు కోసం, మందు కోసం దుకాణాల చుట్టూ తిరుగుతారు. చాలా కుండీల్లో లోపించింది ఎరువు కాదని, ఎక్కువైంది నీరని గట్టిగా చెప్పడానికే ఈ ఉత్తరం.

కాగితం పూల మొక్క, అంటే బోగన్‌విలియా, పుట్టిల్లు దక్షిణ అమెరికా, ముఖ్యంగా బ్రెజిల్. వానలున్నంత కాలం తీగ సాగి, నేల ఆరాక పూతకు రావడం దాని స్వభావం. మనం రంగురంగుల పూలనుకునేవి నిజానికి రంగు మారిన ఆకులు. మూడేసి ఆకుల మధ్య తెల్లగా, సన్నటి గొట్టంలా ఉండేదే అసలు పువ్వు. ఈ పూత కొత్త కొమ్మల మీదే వస్తుంది, అదీ కొమ్మ సాగడం నెమ్మదించాకే. వేళ్ళ దగ్గర ఎప్పుడూ తడి ఉండి, దానికి తోడు యూరియా కూడా పడితే పూత లేని నీటి కొమ్మలు మూరల కొద్దీ సాగుతూనే ఉంటాయి. కాస్త దాహం, రోజుకు ఐదారు గంటల నేరుటెండ, ఈ రెండూ కలిస్తేనే మొగ్గ. నీడలో పెట్టిన మొక్కకు నీళ్ళ లెక్క ఎంత సరిచేసినా ప్రయోజనం ఉండదు.

నీళ్ళు ఎప్పుడు పోయాలో తేదీని బట్టి కాదు, మట్టిని బట్టి తెలుసుకోవాలి. కుండీ మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. చల్లగా తగిలితే ఆ రోజు పోయనక్కర్లేదు. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. పన్నెండు అంగుళాల కుండీకి సుమారు రెండు లీటర్లు పడతాయి. రోజూ అర చెంబు పోస్తే పై రెండంగుళాలే తడుస్తాయి, వేళ్ళు పైకే వచ్చి ఎండకు మాడతాయి. కొత్తగా కొన్న మొక్కల విషయంలో ఇంకో చిక్కుంది. నర్సరీ కవర్లో మొక్క జిగురు మన్నులో ఉంటే, మనం దాన్ని గుల్ల మట్టి నింపిన కుండీలో పెడితే, పోసిన నీరు ఆ గట్టి ముద్ద పక్కనుంచి జారి కిందికి పోతుంది. కింద నీరు కారుతుంది కాబట్టి తడిసిందనుకుంటాం, లోపలి వేళ్ళు పొడిగానే ఉంటాయి. మొదటి నెల నీళ్ళు సరిగ్గా మొదలు దగ్గర, ముద్ద మీదే, రెండు మూడు దఫాలుగా ఆగి ఆగి పోయాలి. ముద్దను విదిలించి మట్టి రాల్చవద్దు. ఈ మొక్క వేళ్ళు చాలా సుకుమారం, తెగితే తేరుకోవడానికి వారాలు పడుతుంది.

ఇక కాలాలు. మార్చి నుంచి ఎండ పెరిగే కొద్దీ కుండీకి రెండు రోజులకోసారి సరిపోతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, అదీ సిమెంటు డాబా మీదున్న కుండీలకు మాత్రమే, రోజూ కావాలి. ఎండెక్కాక పోయవద్దు. ఏడు గంటల లోపు, లేదా కుండీ చల్లబడ్డాక సాయంత్రం పోయాలి. నేలలో నాటి రెండేళ్ళు దాటిన చెట్టుకు నడి వేసవిలోనూ పదిహేను రోజులకోసారి ఇరవై ముప్పై లీటర్లు చాలు. ఎర్ర నేలైతే పది రోజులకోసారి. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ ఇంకా తగ్గించవచ్చు. తిమ్మ లాంటి మచ్చల ఆకుల రకాలు నెమ్మదిగా పెరుగుతాయి, వాటికి నీరు కూడా తక్కువే పడుతుంది.

వాన పడ్డ రోజు నుంచి చెంబు పక్కన పెట్టాలి. ఈ చెట్లు ఎక్కువగా చచ్చేది ఎండకు కాదు, శ్రావణ భాద్రపదాల్లో నిలిచిన నీటికి. కుండీ కింది పళ్ళేలు తీసేయండి. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, రంధ్రాలు మూసుకుపోయాయేమో ఒక పుల్లతో పొడిచి చూడండి. నల్లరేగడిలో నాటేవారు గుంటలో కాక అడుగు ఎత్తు మట్టి దిబ్బ మీద నాటాలి. వారం రోజులు ముసురు పట్టి తెరిపిచ్చినా మట్టిని వేలితో చూడకుండా నీళ్ళు పోయవద్దు.

అసలు నేర్పంతా దసరా తర్వాత చూపాలి. తెలంగాణలో ఎక్కువచోట్ల అక్టోబరు మూడో వారానికి వానలు తగ్గుముఖం పడతాయి. అప్పుడు వానాకాలపు కొమ్మలను మూడో వంతు కత్తిరించి, చిగుర్లు జానెడు సాగేదాకా మామూలుగా నీళ్ళిచ్చి, ఆ తర్వాత ఆపేయాలి. ఆకులు కొద్దిగా వాలగానే ఒకసారి నిండుగా తడిపి, మళ్ళీ ఆకు వాలేదాకా ఆగాలి. ఇలా రెండు మూడు విడతలు, మొత్తం మూడు నాలుగు వారాలు. పగలు తగ్గి రాత్రులు పెరిగే కాలం కావడంతో మొగ్గకు అదీ కలిసొస్తుంది. నెల్లూరు, ప్రకాశం లాంటి కోస్తా జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఉంటాయి. అక్కడ ఈ పని డిసెంబరు దాకా ఆగక తప్పదు. తడిసే నేలను ఆరబెట్టాలనుకోవడం వృథా ప్రయాస.

ఆరబెట్టడం తెలిసినవారు కూడా పొరపడే చోటు ఒకటుంది. మొగ్గ కంటికి కనబడగానే ఆరబెట్టడం ఆపాలి. అక్కడినుంచి తడి ఒకే తీరుగా ఉండాలి. లేకపోతే విరియకముందే రాలిపోతాయి, లేదా రంగెక్కిన నాలుగు రోజులకే వెలిసిపోతాయి. చలికాలమంతా కుండీకి ఐదారు రోజులకోసారి పోస్తే పూత సంక్రాంతి దాటి నిలుస్తుంది. ఆ విడత పూలు వెలిశాక కొమ్మ చివర్లు తుంచి, మళ్ళీ ఇదే వరస నడిపితే వేసవి పూత కూడా దక్కుతుంది.

ఆకు పసుపెక్కితే నీళ్ళు చాలలేదని ఇంకో చెంబు పోస్తారు. ముందు మట్టి చూడండి. మట్టి పొడిగా ఉండి ఆకులు మెత్తబడి వాలితే అది దాహం, పోసిన కొన్ని గంటల్లో లేస్తాయి. మట్టి తడిగా ఉండీ ఆకులు వాలుతుంటే, కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే వేరు కుళ్ళుతోంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు కాబట్టే తడిలోనూ మొక్క వాడుతుంది. వెంటనే కుండీ నుంచి తీసి, నల్లబడి మెత్తగా ఊడొచ్చే వేళ్ళను మాత్రం కత్తిరించి, పైకొమ్మలు మూడో వంతు తగ్గించాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన కొత్త మిశ్రమంలో నాటి, ఒక్కసారి తడిపి నీడన పెట్టాలి. చిగురు కదిలేదాకా నీరు పొదుపుగానే ఇవ్వాలి.

లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే మాత్రం కారణం వేరు. అది ఇనుము అందక వచ్చేది. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసిన కుండీల్లో ఇది సాధారణం. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టడం దాని గుర్తు. ఆ పెచ్చు గీకేసి, కుండీ పట్టేంత నీటికి రెండింతల వాన నీటితో కడగాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

పురపాలక సంఘాలకు ఒక విన్నపం. డివైడర్లలో మట్టి లోతు తక్కువ, దానికి తోడు కట్టడపు రాళ్ళూ రప్పలూ. అక్కడి మొక్కకు ఇంటి చెట్టు కన్నా తరచుగా నీరు కావాలన్నది నిజమే. కానీ ట్యాంకర్ పైపు ధాటికి మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడుతున్నాయి, సగం నీరు రోడ్డు మీద పారుతోంది, ద్విచక్ర వాహనాలు జారుతున్నాయి. మట్టి మట్టం అంచు రాళ్ళ కంటే నాలుగంగుళాలు కిందకు ఉంచి, ప్రతి మొదలు చుట్టూ పాదు చేసి, కత్తిరించిన కొమ్మలనే ముక్కలు చేసి పాదులో పరిస్తే అదే ట్యాంకర్ మరింత దూరం వస్తుంది. డ్రిప్ వేయగలిగితే మొక్కకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, రెండున్నర గంటలు నడిపితే 20 లీటర్లు అందుతాయి. మే నెలలో నాలుగైదు రోజులకోసారి ఇది సరిపోతుంది. బోరు నీటికి డ్రిప్పర్లు మూసుకుపోతాయి, నెలకోసారి పైపుల చివరి మూతలు తీసి కడగాల్సిందే. వాన కురిసిన వారం ట్యాంకర్ రాకపోతే పని ఎగ్గొట్టినట్టు లెక్కవేయకుండా ఒప్పందాల్లోనే రాసుకోవాలి. కొత్త మొక్కలను ఏప్రిల్, మే నెలల్లో నాటి ట్యాంకర్లతో బతికించే బదులు మృగశిర వానలు పడ్డాక జూన్, జూలైలో నాటితే, మొదటి వేసవి వచ్చేసరికి వాటికి వేరు పట్టడానికి ఎనిమిది తొమ్మిది నెలలు దొరుకుతాయి.

ఇట్లు,
మిద్దెతోట సాగుదారులు,
హైదరాబాద్