విషయం: వెనిస్‌లో కా దోరో లోపలికి తీసుకెళ్లకపోవడం గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ ఇటలీ గ్రూప్ టూర్‌లో నేనూ మా ఆవిడా వచ్చాం. మీరిచ్చిన ప్రోగ్రామ్ కాగితంలో వెనిస్ రోజు కింద "కా దోరో భవనం, ఆర్ట్ గ్యాలరీ సందర్శన, టికెట్‌తో సహా" అని స్పష్టంగా ఉంది. కాపీ జతచేశాను.

జరిగింది ఇది. గ్రాండ్ కెనాల్‌లో వాటర్ బస్ వెళ్తుంటే మీ టూర్ మేనేజర్ "ఎడమ వైపు చూడండి, అదే బంగారు ఇల్లు" అన్నారు. కా దోరో పేరుతోనే ఉన్న స్టాపులో బోటు ఆగింది కూడా. మమ్మల్ని మాత్రం దిగనివ్వలేదు, టైమ్ లేదన్నారు. తర్వాత గాజు సామాన్ల షాపులో గంటకు పైగా కూర్చోబెట్టడానికి టైమ్ ఎలా దొరికిందో మీరే అడిగి తెలుసుకోండి.

హైదరాబాద్ వచ్చాక ఫోన్ చేస్తే మీ ఆఫీసులో వచ్చిన జవాబు: "ముందు వైపే కదా సార్ ఫేమస్, చూశారుగా!" ఆ ముందు వైపు అందాన్ని నేను కాదనను. 15వ శతాబ్దంలో మారిన్ కాంటారిని గోథిక్ అనే పాత యూరప్ శైలిలో కట్టించిన ఇల్లు అది. పేరు తెచ్చిన బంగారు పూత మాత్రం ఎప్పుడో పోయింది. నేను డబ్బు కట్టింది లోపల ఉన్నవాటి కోసం. జార్జియో ఫ్రాంకెట్టి అనే బారన్ 1894లో ఆ ఇల్లు కొని బాగు చేయించి, తన కళాఖండాలతో సహా 1916లో ప్రభుత్వానికి ఇచ్చేశాడు. కింది ఆవరణలో రంగురాళ్ల నేల పరిచే పనిలో స్వయంగా చేయి పెట్టాడు. ఆయన చితాభస్మం కూడా అక్కడే ఉంది. పైన మాంటెన్యా అనే ఇటలీ చిత్రకారుడు చివరి రోజుల్లో వేసిన సెయింట్ సెబాస్టియన్ చిత్రం ఉంది. ఒళ్లంతా బాణాలు దిగిన ఆ మనిషి బొమ్మను పుస్తకాల్లో చూపిస్తూ పిల్లలకు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి నేను. ఇంతకన్నా తక్కువ ధరకు వేరే ప్యాకేజీలున్నా మీది ఎంచుకున్నది ఇందుకే.

కాబట్టి మా ఇద్దరి టికెట్ డబ్బులు, ఆ పూట గైడ్ ఖర్చులో మా వాటా వెనక్కి ఇవ్వండి. బయట నుంచి చూపించేదాన్ని "సందర్శన" అని రాయడం మానేసి, "బోటులోంచి చూపిస్తాం" అనే రాయండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫోన్ చేసి సర్దిచెప్పే ప్రయత్నం వద్దు.

ఇట్లు,
మీ ఇటలీ టూర్ ప్రయాణికుడు, రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు

జతపరిచినవి: ప్రోగ్రామ్ కాగితం, డబ్బు కట్టిన రసీదు