సర్వర్ మధ్యలో ఎందుకు పడిపోయేదో దొరికింది

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం అండీ. రెండు మూడు నెలల నుంచి నెలాఖరులో సాయంత్రం అయ్యేసరికి సైట్ స్లో అయిపోవడం, బిల్లు కొడుతుంటే మధ్యలో లాగిన్ ఊడిపోయి మళ్ళీ మొదటికి రావడం మీలో చాలామంది చూశారు. కారణం దొరికింది, సరిచేశాం, ఏం జరిగిందో దాచకుండా చెప్తాను. ముందుగా ఒక మాట, మొదట్లో ఫోన్ చేసిన ఇద్దరు ముగ్గురితో మీ నెట్ ప్రాబ్లం అయ్యుంటుందండీ అన్నాను, అది తప్పు, ప్రాబ్లం మా దగ్గరే ఉంది. క్షమించండి.

మన సర్వర్ జావాలో నడుస్తుంది. జావా ప్రోగ్రామ్ తన డేటా పెట్టుకునే మెమరీని హీప్ అంటారు, దానికి ఇంతవరకే అని హద్దు మనమే పెడతాం, అందులో పని అయిపోయినవాటిని గార్బేజ్ కలెక్టర్ ఎప్పటికప్పుడు ఊడుస్తూ ఉంటుంది. మా మెషిన్‌లో మొత్తం 4 జీబీ ఉంటే హీప్‌కి 2 ఇచ్చాం. మెమరీ వాడకం రోజురోజుకీ పెరుగుతోందని తెలియగానే హీప్ చాలట్లేదేమో అనుకుని 3 జీబీకి పెంచాను, దాంతో తగ్గకపోగా ఇంకా తొందరగా పడిపోవడం మొదలైంది. అప్పుడైనా ఆగి ఎందుకిలా అని చూడాల్సింది, చూడకుండా రోజూ రాత్రి రెండింటికి రీస్టార్ట్ అయ్యేలా పెట్టేశాం. మామూలు రోజులు దాంతో గడిచిపోయాయి గానీ నెలాఖరున అందరూ రిపోర్ట్‌లు దించుకునే రోజుల్లో రాత్రి దాకా ఆగేది కాదు, సాయంత్రానికే నిండిపోయేది.

హీప్ నిండిపోతే జావా ఔటాఫ్‌మెమరీ ఎర్రర్ అని లాగ్‌లో, అంటే సర్వర్ చేసే పనులు రాసుకునే ఫైల్‌లో, రాస్తుంది. మా లాగ్‌లో అలాంటిది ఒక్కటీ లేదు, ఏదో బిల్లు సేవ్ అవుతున్న లైన్ ఉంటుంది, దాని కిందే సర్వర్ కొత్తగా స్టార్ట్ అయిన లైన్ ఉంటుంది, మధ్యలో ఏమీ లేదు. మా మెషిన్ ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్, దాని మూలభాగమైన కర్నల్ లాగ్ తెరిస్తే అక్కడుంది విషయం, మెషిన్‌లో మెమరీ అయిపోయి కర్నలే మా జావా ప్రాసెస్‌ని చంపేసింది. హీప్ గ్రాఫ్ చూస్తే రంపం పళ్ళలాగా పైకెళ్తోంది, గార్బేజ్ కలెక్టర్ రాగానే కిందికి దిగుతోంది, ఎలా ఉండాలో అలాగే ఉంది. అంటే పెరిగేది హీప్‌లో కాదు, హీప్ బయట.

బయట కూడా జావా చాలా వాడుతుంది, ఒకేసారి నడిచే పనులకి (థ్రెడ్‌లకి) ఇచ్చే స్టాక్‌లు, క్లాసుల (ప్రోగ్రామ్‌లోని డేటా రకాల) సమాచారం ఉండే మెటాస్పేస్, డేటా పంపడానికి వాడే డైరెక్ట్ బఫర్లు, ఇలా. నేటివ్ మెమరీ ట్రాకింగ్ అని, జావా ప్రోగ్రామ్‌ని నడిపించే జేవీఎంలోనే ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసి లెక్క అడిగాం. జేవీఎం చెప్పిన మొత్తానికీ లైనక్స్ చూపిస్తున్న దానికీ దగ్గర దగ్గర 1 జీబీ తేడా వచ్చింది. ఆ 1 జీబీ ఎవరు తీసుకున్నారో జేవీఎం లెక్కలోనే లేదు, ఇక్కడ నాలుగు రోజులు ఇరుక్కుపోయాం.

దారి దొరికింది మాత్రం మా దగ్గర పనిచేసే కుర్రాడి వల్ల. జావాతోనే వచ్చే జేసీఎండీ అనే కమాండ్‌తో హీప్‌లో ఏ క్లాసువి ఎన్ని ఆబ్జెక్టులున్నాయో లిస్టు తీస్తున్నాం, అనుమానం వచ్చేది ఏదీ కనపడట్లేదు. అప్పుడు ఆ కుర్రాడు, అన్నా, లిస్టు తీసిన ప్రతిసారీ తర్వాత మెమరీ పెరగడం కాసేపు ఆగుతోంది చూశావా అన్నాడు. చూస్తే నిజమే. ఆ కమాండ్ మామూలుగా నడిపితే ముందు మొత్తం గార్బేజ్ కలెక్షన్ చేసి, మిగిలినవే లెక్కపెడుతుంది. అంటే మేం వెతుకుతున్నదాన్ని మేమే ఊడ్చేసి ఆ తర్వాత వెతుకుతున్నాం! ఊడవకుండా అన్నీ చూపించే ఆప్షన్ పెట్టి మళ్ళీ తీశాం, డిఫ్లేటర్ అనే క్లాసువి 4 వేల పైచిలుకు ఉన్నాయి.

మీరు రిపోర్ట్ డౌన్‌లోడ్ నొక్కినప్పుడు ఫైల్‌ని కంప్రెస్ చేసి పంపుతాం, ఆ పని చేసేది డిఫ్లేటర్. హీప్‌లో చూస్తే అది చాలా చిన్నది, లిస్టులో సైజు ప్రకారం ఎక్కడో అడుగున ఉంటుంది, కానీ దాని వెనక జెడ్‌లిబ్ అనే, సీ భాషలో రాసిన లైబ్రరీ హీప్ బయట సుమారు 256 కేబీ తీసుకుంటుంది. 4 వేలని 256 కేబీతో గుణిస్తే 1 జీబీ, సరిగ్గా మాకు లెక్క తేలని 1 జీబీ. కాగితం మీద ఆ గుణకారం వేసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను.

తప్పు కోడ్‌లో ఒక్క చోటే ఉంది, అది నేను రాసిందే. ఫైల్ అయిపోయాక దాన్ని కంప్రెస్ చేసి పంపే స్ట్రీమ్‌ని క్లోజ్ చేయాలి, క్లోజ్ చేస్తే దాంతోపాటు మీకు వెళ్తున్న కనెక్షన్ కూడా మూసుకుంటుందని, క్లోజ్ బదులు ఫైల్ రాయడం మాత్రం ముగించే ఫినిష్ పిలిచి వదిలేశాను. ఫైల్ మీకు పూర్తిగా, సరిగ్గా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, డిఫ్లేటర్ పట్టుకున్న మెమరీ మాత్రం గార్బేజ్ కలెక్టర్ దాని దగ్గరికి వచ్చేదాకా అలాగే ఉండిపోతుంది. హీప్‌లో ఖాళీ ఉన్నంతకాలం కలెక్టర్‌కి తొందరేమీ ఉండదు. నేను హీప్ 3 జీబీకి పెంచడంతో కలెక్టర్ రావడం ఇంకా ఆలస్యం అయింది, బయట మిగిలిన జాగా కూడా తగ్గింది, రెండు వైపులా దెబ్బ.

ఇప్పుడు ప్రతి డౌన్‌లోడ్ తర్వాత, అది మధ్యలో ఫెయిలైనా సరే, ఆ మెమరీని వెంటనే వదిలేలా రాశాం. హీప్ మళ్ళీ 2 జీబీకి తెచ్చాం, రాత్రి రీస్టార్ట్ తీసేశాం. ఇంతకుముందు అలారం హీప్ మీదే ఉండేది, ఇప్పుడు ప్రాసెస్ మొత్తం మెమరీ మీద పెట్టాం. మొన్న నెలాఖరు మూడు రోజులూ గ్రాఫ్ ముందే కూర్చున్నాను, పొద్దున కొంత పెరిగి అక్కడే నిలబడింది, కదల్లేదు.

సేవ్ అయిన బిల్లులన్నీ డేటాబేస్‌లో భద్రంగా ఉన్నాయి, పోయినవి సేవ్ నొక్కకముందు మధ్యలో ఆగినవే. అలా పోయినవాళ్ళు ఏ రోజు, సుమారు ఎన్నింటికి అన్నది నాకు మెసేజ్ పెట్టండి, లాగ్‌లో మీ చివరి బిల్లు ఏది సేవ్ అయిందో నేనే చూసి చెప్తాను, అక్కడి నుంచి మళ్ళీ కొట్టుకోవచ్చు.