పోర్టు నంబరుకు ఒక పాఠం కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో కోడింగ్ నేర్చుకునే పిల్లల కోసం వస్తున్న పాఠాలు క్రమం తప్పకుండా చదువుతున్నాను. వెబ్ చిరునామాలోని పోర్టు నంబరు గురించి, అంటే సర్వరులో ఏ ద్వారానికి వెళ్లాలో చెప్పే అంకె గురించి కూడా ఒక పాఠం వేయమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక కళాశాలకు మేము తయారుచేసిన ఫీజుల సాఫ్ట్‌వేర్, ప్రవేశాల చివరి రోజున ఉదయమంతా చెల్లింపులను తిప్పికొట్టింది. ఖాతాల్లోంచి డబ్బు పోయింది, రసీదు మాత్రం రాలేదు. ఒక తండ్రి తన ఫోనులోని బ్యాంకు సందేశాన్ని కౌంటరు అద్దానికి ఆనించి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడని గుమస్తా చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. తప్పు నేను రాసిన కోడ్‌దే. చెల్లింపు తరువాత తిరిగి వచ్చిన చిరునామాలో ‘:443’ ఉంది, మేము నమోదు చేసుకున్న దానిలో లేదు. భద్రమైన వెబ్ పేజీలు వాడే హెచ్‌టీటీపీఎస్‌కు 443 మామూలు పోర్టు కాబట్టి, దాన్ని రాసినా రాయకపోయినా చేరే చోటు ఒక్కటే. నా కోడ్ మాత్రం ఆ రెంటినీ అక్షరాలుగా పోల్చి, వేరువేరని తేల్చింది.

ఆ తరువాత చిరునామాలోంచి పోర్టును విడదీసే పనిని ఒక చిన్న లైబ్రరీకి, అంటే ఇతరులు రాసి ఉంచిన కోడ్‌కు అప్పగించాం. పోర్టు లేకపోతే హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443 అని తీసుకుంటుంది. 65535 దాటిన నంబరును ఒప్పుకోదు; నెట్‌లో సమాచారాన్ని చేరవేసే టీసీపీ పద్ధతిలో పోర్టుకు ఉన్నది 16 బిట్లే కదా.

ఇంత చిన్న పనికి లైబ్రరీ ఎందుకు, కోలన్ దగ్గర విడగొడితే చాలదా అని కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. వాళ్లకు [::1]:8443 అనే, లోపల కూడా కోలన్లు ఉండే ఐపీవీ6 రకం చిరునామా ఇస్తాను. మొదటి కోలన్ దగ్గర కోస్తే ఒక బ్రాకెట్ మాత్రం చేతికి వస్తుంది. చివరి కోలన్ దగ్గర కోస్తే 8443 సరిగ్గానే వస్తుంది. కానీ పోర్టు లేని [::1] ఇచ్చి చూస్తే ‘1]’ అనేదే పోర్టు అయి కూర్చుంటుంది!

ఈ పనికి ప్రోగ్రామింగ్ భాషలతో వచ్చే సదుపాయాలు ఉన్నాయి, తప్పక వాడాలి. అయితే అవి ఒకే మాట చెప్పవు. పోర్టు రాయని చిరునామాకు పైథాన్ ‘నన్’ (ఏమీ లేదు) అంటుంది, జావా -1 అంటుంది. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ అయితే హెచ్‌టీటీపీఎస్‌కు 443 అని రాసి ఇచ్చినా ఖాళీయే చూపిస్తుంది. ఈ తేడాలను పది చోట్ల కాక ఒక్క చోటే సరిదిద్దుకోవాలి.

బయటి లైబ్రరీలంటే భయపడేవారిని నేను తప్పుపట్టను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల నిల్వ నుంచి తొలగించగానే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు (ప్రోగ్రాముల తయారీ) ఆగిపోయాయి. అందుకే మేము ఆ లైబ్రరీని మొదటి పంక్తి నుంచి చివరి దాకా చదివి, ఒక ప్రతి మా దగ్గరే పెట్టుకున్నాం. చిన్నది కాబట్టే అంతా చదవగలిగాం.

మీరు పాఠం వేస్తే పోర్టు లేనిది, 443 ఉన్నది, చదరపు బ్రాకెట్లు ఉన్నది, ఈ మూడు చిరునామాలూ అందులో అచ్చువేయండి. పిల్లలు తమ కోడ్‌కు ఇచ్చి పరీక్షించుకుంటారు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్, గుంటూరు