ఫారం పంపాను, మూడో పేజీ మాత్రం తీసేయకు

హ్యూస్టన్

అన్నయ్యా,

ఇంటి అమ్మకం ఫారం నీ మెయిల్‌కి పంపాను. ఫోన్‌లో చెబుదామంటే అమ్మ మధ్యలో అందుకుని "తిన్నావా, ఏం కూర" అంటుంది, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

లేఖరి గారిచ్చిన పాత అగ్రిమెంటు నమూనానే ఆన్‌లైన్ ఎడిటర్‌లోకి ఎక్కించి, చుక్కల గీతలున్న చోటల్లా నింపే పెట్టెలు పెట్టాను. కొనేవాళ్ళ పేరు మొదటి పేజీలో ఒక్కసారి కొట్టు, మిగతా పేజీల్లో దానంతటదే పడుతుంది. స్థలం సెంట్లలో వేస్తే పక్క పెట్టెలో గజాలు వచ్చేస్తాయి, సెంటుకి 48.4 చొప్పున. దస్తావేజులో సెంట్లుంటే వాళ్ళు గజాల్లో అడుగుతున్నారన్నావుగా, ఆ గొడవ తీరింది. ఎర్ర చుక్క ఉన్న పెట్టె ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వదు.

తల తిరిగిపోయింది మాత్రం తెలుగు టైపు దగ్గర. పెట్టెలో "విస్తీర్ణం" అని కొడితే వత్తులు విడిపోయి ఒక్కో అక్షరం ఒక్కో దారిన పోతోంది. ఫాంటు మార్చినా అదే వరస. ముందే అచ్చులో ఉన్న తెలుగు శుభ్రంగా ఉంది, పెట్టెలో కొట్టిందే చెడుతోంది. ఇక దాంతో కుస్తీ పట్టలేక అంకెలు, తేదీలు, ఇంగ్లీషులో పేర్లు మాత్రం పెట్టెల్లో ఉంచి, నాలుగు హద్దులకీ, అక్షరాల్లో రాయాల్సిన రూపాయలకీ ఉత్త గీతలు వదిలాను. ప్రింటు తీశాక పెన్నుతో రాయి. హద్దులు ఎలాగూ అక్కడ నిలబడి చూసి రాయాల్సినవే. దస్తావేజులో పడమర పంట బోదె అని ఉంది, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు. రెండూ రాయించు. జిల్లా కూడా అంతే, పాత కాగితాల్లో తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ. ఈసీ, అదే ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే కాగితం, తీసేటప్పుడు పాత పేరూ కొత్త పేరూ కలవకపోతే మళ్ళీ తిరగాల్సింది నువ్వే.

ఇప్పుడు మూడో పేజీ. "ఇంటి లోపాలు మనమే రాసిస్తే రేటు పడిపోతుంది, తీసెయ్యి" అన్నావు. తీయను. ఇక్కడ టెక్సస్‌లో ఇల్లు అమ్మితే ఆ కాగితం ఇచ్చి తీరాలి. కప్పు, పునాది, చెదలు, నీళ్ళు, ఒక్కోదానిలో లోపం ఉన్నట్టు మనకి తెలుసా, తెలీదా అని టిక్ పెట్టాలి. 2017లో హార్వీ తుఫాను ఈ ఊరిని ముంచేశాక, 2019 నుంచి వరద ప్రశ్నలు ఇంకా పెంచారు. ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్ళొచ్చాయా, ఇన్సూరెన్సు డబ్బులు తీసుకున్నారా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇదంతా అమెరికా చాదస్తం అనుకోకు. మన ఆస్తి బదిలీ చట్టంలోనే, అది 1882 నాటిది, 55వ సెక్షన్‌లో ఉంది: కొనేవాడు మామూలుగా చూస్తే కనబడని లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పాలి. మనకి ఫారం లేదు గానీ బాధ్యత ఉంది.

కొనేవాళ్ళు హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళు. గట్టు పక్క ఇల్లంటే వాళ్ళకి ఏటి గాలి, కొబ్బరి చెట్లు. 86 ఆగస్టులో గోదావరి మన వీధి అరుగు దాటి గదిలోకొచ్చిందని, ధాన్యం బస్తాలు అటక ఎక్కించామని వాళ్ళకెలా తెలుస్తుంది? గోడ మీద ఆ నీటి గీత మీద నువ్వే సున్నం వేయించావు. వెనక రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీళ్ళు ఉప్పగా మారాయన్నది ఒక్క గుక్క తాగితే తెలిసిపోతుంది. బయానా ఇచ్చాక తెలిసి వాళ్ళు గొడవకొస్తే నువ్వేం చెబుతావు? ముందే రాసేస్తే ఆ రేటేదో ఇప్పుడే తేలుతుంది.

ఒక్క చోట నాకే నవ్వొచ్చింది. "కప్పులోంచి వాన నీళ్ళు లోపలికి వస్తాయా" అన్న ప్రశ్న ఇక్కడి ఫారం చూసి పెట్టాను. నడుమ ఆకాశం కనబడే మండువా ఇంటికి ఏమని టిక్ పెడతాం? రావడానికే కదా కట్టారు! ఆ ప్రశ్న తీసేసి "పెంకు ఎప్పుడు నేయించారు, మండువా తూము పనిచేస్తుందా" అని మార్చాను.

అమ్మేవాళ్ళ చోట మూడు గీతలున్నాయి: అమ్మ, నువ్వు, నేను. నాన్న వీలునామా రాయలేదు కాబట్టి ముగ్గురం సంతకం పెట్టాల్సిందే. నా బదులు నువ్వు పెట్టడానికి ఇక్కడి మన కాన్సులేట్‌లో పవరాఫ్ అటార్నీ చేయించి కొరియర్ చేస్తాను. చేతికందిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు వేయించాలి, బీరువాలో పెట్టి మర్చిపోకు. "అమ్మేవారిలో విదేశంలో ఉంటున్నవారు ఉన్నారు" అన్న టిక్ పెట్టెని నేనే నింపేశాను. నా వాటా డబ్బులోంచి కొనేవాళ్ళు పన్ను పట్టుకుని కట్టాలి, 50 లక్షల లోపైతే అక్కర్లేదన్న వెసులుబాటు మీకే గానీ నాకు లేదు. బయానా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవద్దు, బ్యాంకులోనే వేయమను.

లేఖరి గారు "ఇది సంతకాలు పెట్టే కాగితమా" అని అడుగుతారు. కాదని చెప్పు. ఇది వివరాలు చేర్చుకోవడానికే. దీన్ని చూసి ఆయన స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాస్తారు, ఆ అగ్రిమెంటుతో కూడా ఇల్లు వాళ్ళదైపోదు. సబ్ రిజిస్ట్రార్ ముందు ఫోటోలు, వేలిముద్రలు అయ్యాకే. ఫారంలో ఆధార్, పాన్ నంబర్లకి కావాలనే చోటు పెట్టలేదు, లింకు నీకూ ఆయనకీ తప్ప తెరుచుకోదు. మన ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకు, మావయ్య పది మందికి పంపుతాడు.

బోరు ఎన్ని అడుగులో బాబాయిని అడిగి వేయి. వదినని పన్ను రసీదు ఫోటో తీసి పంపమను, డోర్ నంబరు సరిచూడాలి. ఆదివారం మీ పొద్దుటి పూట చేస్తాను, అప్పటికి రెండు పేజీలన్నా నింపి ఉంచు.

నీ చెల్లి